అనాహూత లేఖలు

ఉద్దేశం

పిలవని పేరంటంలా వచ్చిపడే ఈమెయిళ్ల స్వరూపాన్ని తెలుసుకోవడం, వాటిని పూర్తిగా అరికట్టడం ఎందుకు కష్టమో గ్రహించడం, ఉత్తరాన్ని చూడగానే నమ్మక విచారించి చూసే వివేకాన్ని విద్యార్థులలో పెంపొందించడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

1. నల్లరేగడి నేర్పిన పాఠం

గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి నేలలకు పత్తి, మిరప పంటలు ప్రాణం. 1980వ దశకం తొలి సంవత్సరాలలో సింథటిక్ పైరిత్రాయిడ్లు అనే కొత్తరకం పురుగుమందులు ఈ నేలలకు వచ్చాయి. మొదట్లో అవి అద్భుతంగా పనిచేశాయి. రైతులు సంతోషించారు. పురుగు కనబడినప్పుడల్లా అదే మందును మళ్లీ మళ్లీ చల్లారు. 1987-88 పంటకాలం వచ్చేసరికి పరిస్థితి తారుమారైంది. ఎన్నిసార్లు పిచికారీ చేసినా శనగపచ్చ పురుగు చావలేదు. పూత, పిందె, కాయ దాని పాలైనాయి. అప్పుచేసి మందులు కొన్న కుటుంబాలు చితికిపోయాయి. కొందరు రైతులు ప్రాణాలే తీసుకొన్నారు.

దీనికి కారణమేమిటని శాస్త్రజ్ఞులు పరిశీలించారు. మందు చల్లినప్పుడు వేలకొలది పురుగులు చనిపోయినా, దానిని తట్టుకొనే శక్తిగల కొన్ని మిగులుతాయి. మరుసటి తరం ఆ మిగిలినవాటి సంతానమే. అదే మందును పదేపదే వాడినకొద్దీ, మందుకు లొంగనివే చేనంతా నిండుతాయి. అనగా, మందే పురుగును ఏరి, పెంచి, రాటుదేల్చిందన్నమాట.

ఈమెయిలు ప్రపంచంలోనూ ఇదే సూత్రం పనిచేస్తున్నది. అక్కడి చీడపేరు స్పామ్. గ్రహీత కోరకుండా, ఒకేసారి లక్షలమందికి పంపే ఉత్తరం అది. కొందరు దానిని జంక్ మెయిల్ అంటారు. తెలుగులో అనాహూత లేఖ అనవచ్చు. కొన్ని అనాహూత లేఖలు కేవలం వ్యాపార ప్రకటనలు. వాటివల్ల కాలం మాత్రమే వృథా. మరికొన్ని నిలువునా ముంచే మోసాలు. ప్రపంచంలో ప్రతిదినం నడిచే ఈమెయిళ్లలో దాదాపు సగం ఈ కోవకు చెందినవేనని కంప్యూటరు భద్రతా సంస్థల అంచనా.

2. నమ్మకంపై కట్టిన ఇల్లు

ఒక కంప్యూటరు నుండి మరొక కంప్యూటరుకు నెట్‌వర్కు ద్వారా ఉత్తరం పంపే పద్ధతిని 1971లో రే టామ్లిన్‌సన్ అనే అమెరికన్ ఇంజనీరు రూపొందించాడు. వ్యక్తి పేరుకూ, యంత్రం పేరుకూ నడుమ '@' గుర్తు పెట్టినవాడు ఆయనే. ఆనాటి ఆర్పానెట్‌ను వాడినవారు విశ్వవిద్యాలయాల, పరిశోధనశాలల సభ్యులు. దాదాపు ఒకరినొకరు ఎరిగినవారు. 1982లో జాన్ పోస్టెల్ ఈమెయిలు రవాణాకు నియమావళిని రచించినప్పుడు, పంపినవాని పేరు నిజమా కాదా అని పరీక్షించే ఏర్పాటు అందులో చోటుచేసుకోలేదు. ఇరుగుపొరుగులే ఉన్న పల్లెలో తలుపుకు తాళం వేయవలసిన అగత్యమేముంటుంది?

ఈ లోపాన్ని తపాలా ఉదాహరణతో గ్రహించవచ్చు. కవరు వెనుక ప్రేషకుని చిరునామా రాసే చోటు ఉంటుంది. అక్కడ ఎవరి పేరు రాసినా పోస్టుమాన్ ప్రశ్నించడు. ముందువైపు ఉన్న చిరునామాకు చేర్చడమే అతని విధి. ఈమెయిలు నియమావళి కూడా అలాంటి పోస్టుమానే. ఉత్తరం పైన బ్యాంకు పేరున్నా, ప్రభుత్వశాఖ పేరున్నా అది పంపినవాడు తనకు తాను రాసుకొన్నదే కావచ్చు.

తొలి అనాహూత లేఖ పుట్టిన తేదీ చరిత్రలో నమోదై ఉంది. 1978 మే 3వ తేదీన డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్‌లో పనిచేసే గ్యారీ థుర్క్ అనే ఉద్యోగి, తమ కంపెనీ కంప్యూటర్ల ప్రదర్శనకు రమ్మని సుమారు 400 మందికి ఒకేసారి సందేశం పంపాడు. చదివినవారు మండిపడ్డారు. అయినా కంపెనీకి కొన్ని బేరాలు కుదిరాయి. విసుగు నలుగురిదీ, లాభం ఒకరిదీ అనే ఆ లెక్క నేటికీ మారలేదు.

స్పామ్ అనే పేరు ఒక డబ్బామాంసం పేరు. 1970లో బ్రిటిష్ టెలివిజన్‌లో వచ్చిన ఒక హాస్యనాటికలో, భోజనశాలలో ఏమి అడిగినా ఆ మాంసమే ఎదురవుతుంది. ఆ మాటే పదేపదే వినబడి మిగిలిన సంభాషణను ముంచివేస్తుంది. అడగకపోయినా వచ్చి, అక్కరకు వచ్చేదాన్ని ముంచివేసే ఉత్తరాలకు ఆ పేరు అతికినట్లు సరిపోయింది.

3. ఖర్చు ఎవరిది? లాభం ఎవరిది?

50 పైసల పోస్టుకార్డును లెక్కకు తీసుకొన్నా, పది లక్షలమందికి రాయడానికి ఐదు లక్షల రూపాయలు కావాలి. అంత పెట్టుబడి పెట్టేవాడు ఎవరికి రాయాలో పదిసార్లు ఆలోచిస్తాడు. ఈమెయిలుకు ఆ అడ్డు లేదు. పదిమందికి పంపినా, పది లక్షలమందికి పంపినా ఖర్చులో తేడా అత్యల్పం. పైగా చాలామంది స్పామర్లు సొంత యంత్రాలను కూడా వాడరు. దొంగచాటుగా వైరస్‌లను ప్రవేశపెట్టి, ఇతరుల కంప్యూటర్లను వేలకొలది లోబరచుకొంటారు. ఇలాంటి బానిస యంత్రాల దండుకు బాట్‌నెట్ అని పేరు. యంత్రం ఒకరిది, కరెంటు ఒకరిది, రాబడి మాత్రం మరొకరిది.

ఈ వ్యాపారంలో గిట్టుబాటు ఎంత? 2008లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు స్టార్మ్ అనే బాట్‌నెట్‌లోకి ప్రవేశించి ఆ లెక్క తేల్చారు. ఇరవై ఆరు రోజులలో దాదాపు 35 కోట్ల మందుల ప్రకటనలు వెలువడగా, కొనడానికి సిద్ధపడినవారు కేవలం 28 మంది. అంటే కోటికి పైబడిన ఉత్తరాలకు ఒక్కడు! ఆ ఒక్కడు వెచ్చించబోయిన సొమ్ము సగటున సుమారు 100 డాలర్లు. మిరపరైతు ఎకరానికి ఒక్క కాయ కాస్తే సేద్యం మానుకొంటాడు. స్పామరు మానుకోడు. అతనికి దుక్కి, విత్తనం, కూలి, కౌలు ఏవీ లేవు. కోటిమందిలో ఒక్కడు చిక్కినా అది లాభమే. కాబట్టి కోటిమంది వివేకవంతులైనా, ఆ ఒక్కడున్నంతకాలం ఉత్తరాలు ఆగవు.

మరి చిరునామాలు వారికెలా దొరుకుతాయి? బహిరంగంగా ప్రకటించిన చిరునామాలను యంత్రాలే ఏరుకొంటాయి. సంస్థల నుండి దొంగిలించిన జాబితాలు చేతులు మారుతాయి. పేర్ల పక్కన అంకెలు చేర్చి ఊహించి పంపడం మరొక పద్ధతి. బహుమతుల ఆశతో నింపే పత్రాలు కూడా ఇందుకు తోడ్పడుతాయి. మోసగాని ఉత్తరానికి 'ఇక పంపవద్దు' అని జవాబిచ్చినా, ఆ చిరునామా వాడుకలో ఉందని అతనికి తెలియజేసినట్లే.

4. జల్లెడ - దాని చిల్లులు

స్పామ్‌ను వడబోసే జల్లెడలను ఫిల్టర్లు అంటారు. తొలినాటి ఫిల్టర్లు కొన్ని పదాల జాబితాపై ఆధారపడేవి. 'లాటరీ' అనే మాట కనబడితే ఉత్తరాన్ని పక్కకు నెట్టేవి. 2002లో పాల్ గ్రాహం అనే ప్రోగ్రామరు, సంభావ్యతా గణితాన్ని ఉపయోగించే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చాడు. మంచి ఉత్తరాలలో ఏ మాటలు ఎంత తరచుగా వస్తాయో, చెత్త ఉత్తరాలలో ఏవి వస్తాయో యంత్రమే నేర్చుకొని, కొత్త ఉత్తరం ఏ కోవకు చెందుతుందో అంచనా వేస్తుంది. ఈ పద్ధతి గొప్ప ఫలితాన్నిచ్చింది. 2004 జనవరిలో బిల్ గేట్స్, రెండేళ్లలో స్పామ్ సమస్య తీరిపోతుందని జోస్యం చెప్పాడు. ఆ జోస్యం ఫలించలేదు.

స్పామర్లు శనగపచ్చ పురుగు దారినే పట్టారు. పట్టుబడిన ఉత్తరాలు నశించాయి. ఫిల్టరును దాటినవాటి ఎత్తుగడలు మిగిలి వృద్ధిచెందాయి. మాటల నడుమ చుక్కలు పెట్టారు. అక్షరాల స్థానంలో అంకెలు చేర్చారు. సందేశాన్ని బొమ్మగా మార్చి పంపారు. ఏదో గ్రంథం నుండి మంచి వాక్యాలను తెచ్చి ఉత్తరం చివర అతికించారు. ప్రతి కొత్త ఫిల్టరుకూ ఒక కొత్త తప్పుదారి పుట్టింది. నేడు కృత్రిమ మేధ సాయంతో తప్పులు లేని తెలుగులో సైతం ఉత్తరం తయారుచేయవచ్చు. కనుక భాషాదోషాలను బట్టి మోసాన్ని పసిగట్టే పాత గుర్తు ఇక చాలదు.

జల్లెడ కన్నాన్ని మరింత చిన్నది చేయవచ్చు గదా అనిపిస్తుంది. అక్కడే అసలు చిక్కు. కృష్ణా డెల్టా వరిచేలలో ఊద అనే కలుపు ఉంటుంది. లేతదశలో అది అచ్చం వరిపైరులాగే కనబడుతుంది. కలుపును ఒక్కటీ మిగల్చరాదని తొందరపడిన చేయి వరిని కూడా పీకుతుంది. ఫిల్టరు కూడా అంతే. ఒక విద్యార్థికి కళాశాల ప్రవేశానికి సంబంధించి వచ్చిన ఉత్తరం చెత్తబుట్టలో పడి, గడువు తీరిన తరువాత బయటపడితే ఆ నష్టం పూడ్చలేనిది. పది చెత్త ఉత్తరాలు లోపలికి రావడంకంటే ఒక్క మంచి ఉత్తరం పోవడమే పెద్ద కీడు. అందువల్ల ఫిల్టరు రూపకర్తలు కొంత కలుపును తెలిసి తెలిసి వదలక తప్పదు.

5. ఉంగరమూ, కాషాయమూ

ప్రేషకుడు ఎవరో తేల్చుకోవడం మన కావ్యాలకు కొత్త సమస్య కాదు. అశోకవనంలో హనుమంతుడు తాను రామదూతనని చెప్పుకొన్నప్పుడు సీత వెంటనే నమ్మలేదు. అది రావణుని మాయ కావచ్చునని శంకించింది. దూత రాముని గుణగణాలను వివరించి, అంగుళీయకాన్ని సమర్పించిన పిమ్మటనే ఆమెకు విశ్వాసం కలిగింది. ఆమె జాగ్రత్తకు కారణముంది. మారీచుడు రాముని కంఠస్వరాన్ని అనుకరించి అరచిన అరపు వల్లనే ఆమె ఆపదలో పడింది. మారీచుడు పంపినది దొంగ ప్రేషకుని పేరుతో వచ్చిన సందేశమే.

ఆధునిక ఈమెయిలుకు కూడా ఇలాంటి అంగుళీయకాలను ఏర్పాటు చేశారు. ఒక సంస్థ పేరుతో ఉత్తరాలు పంపడానికి ఏయే యంత్రాలకు అధికారముందో ప్రకటించే పద్ధతి ఎస్.పి.ఎఫ్. ఉత్తరానికి గణిత సంబంధమైన ముద్ర వేసే పద్ధతి డి.కె.ఐ.ఎం. ఈ పరీక్షలలో తప్పిన ఉత్తరాన్ని ఏమి చేయాలో తెలియజేసేది డిమార్క్. గూగుల్, యాహూ సంస్థలు 2024 ఫిబ్రవరి నుండి పెద్దసంఖ్యలో ఉత్తరాలు పంపేవారికి ఈ ముద్రలను తప్పనిసరి చేశాయి.

అయితే ముద్ర పంపినవాడెవడో చెబుతుందేగాని, అతడు మంచివాడని చెప్పదు. రావణుడు సన్న్యాసి వేషంలో వచ్చినప్పుడు కాషాయం నిజమైనదే. మనసే కపటం. మోసగాడు ప్రసిద్ధ సంస్థ పేరును పోలిన మరో పేరును సక్రమంగా నమోదు చేసుకొంటే, అతని ఉత్తరానికీ సక్రమమైన ముద్రే పడుతుంది.

ఈ మోసం మిర్చి వ్యాపారికి ఎలా తగులుతుందో చూద్దాం. గుంటూరు మిర్చి అనేక దేశాలకు ఎగుమతి అవుతుంది. బేరసారాలలో చాలావరకు ఈమెయిలు ద్వారానే సాగుతాయి. మోసగాడు ఒకరి మెయిలుపెట్టెలో రహస్యంగా చేరి, నెలల తరబడి ఉత్తరాలు చదువుతాడు. సరుకు ఓడ ఎక్కిన తరువాత, ఎగుమతిదారుని పేరుతో విదేశీ కొనుగోలుదారునికి ఉత్తరం రాస్తాడు. 'మా బ్యాంకు ఖాతా మారింది, సొమ్ము ఈ కొత్త ఖాతాకు పంపగలరు' అన్నదే సారాంశం. చిరునామాలో ఆంగ్ల అక్షరం 'ఎల్' ఉండవలసిన చోట '1' అంకె ఉంటుంది. చదివేవారి కంటికి తేడా తెలియదు. సొమ్ము దేశాంతరం పోతుంది. కష్టం ఎగుమతిదారునితో ఆగదు. అతని నుండి కమీషన్ ఏజెంటుకు, ఏజెంటు నుండి టిక్కీలు తెచ్చి యార్డులో దించిన రైతుకు రావలసిన బాకీ నిలిచిపోతుంది. కంప్యూటరును ఎన్నడూ తాకని రైతు కూడా ఆ ఉత్తరానికి బలి కావచ్చు.

6. చట్టం చేయి ఎంత పొడవు?

అమెరికా 2003లో క్యాన్-స్పామ్ చట్టాన్ని చేసింది. వ్యాపార ఉత్తరాలలో ప్రేషకుని వివరాలు నిజమై ఉండాలనీ, వద్దన్నవారికి మళ్లీ పంపరాదనీ దాని నియమం. నియమం తెలిసిన వ్యాపారులు పాటించారు. మోసగాళ్లు లెక్కచేయలేదు.

భారతదేశంలో సమాచార సాంకేతిక చట్టం 2000 అక్టోబరు 17న అమలులోకి వచ్చింది. 2008 సవరణ ద్వారా చేర్చిన 66-ఎ సెక్షనులో, చికాకు కలిగించేందుకు లేదా ఎక్కడినుండి వచ్చిందో తప్పుదారి పట్టించేందుకు పంపిన ఈమెయిలు కూడా నేరంగా పేర్కొనబడింది. కాని అందులోని మాటలు అస్పష్టంగా ఉండడంవల్ల, అభిప్రాయాలు ప్రకటించినవారిపై సైతం ప్రయోగించే వీలు కలిగింది. శ్రేయా సింఘాల్ కేసులో సుప్రీంకోర్టు 2015 మార్చి 24న ఆ సెక్షనును భావప్రకటనా స్వాతంత్ర్యానికి విరుద్ధమని కొట్టివేసింది. కలుపును పీకబోయి పైరును పీకరాదన్న నీతి న్యాయశాస్త్రంలోనూ వర్తించింది. కేవలం స్పామ్‌ను నిషేధించే ప్రత్యేక చట్టం మనకు లేదు. అయితే కంప్యూటరు సాయంతో మరొకరిగా నటించి మోసగించినవారికి 66-డి సెక్షను ప్రకారం మూడేళ్లవరకు జైలుశిక్ష, లక్ష రూపాయలవరకు జరిమానా విధించవచ్చు.

చట్టానికి మరొక అవరోధం దూరం. మోసగాడు ఒక దేశంలో, బానిస యంత్రం మరొక దేశంలో, బాధితుడు నరసరావుపేటలో ఉండవచ్చు. 2008 నవంబరులో కాలిఫోర్నియాలోని మెకోలో అనే సంస్థకు ఇంటర్నెట్ సంబంధం తెంచగానే, ప్రపంచవ్యాప్తంగా స్పామ్ ఒక్కసారిగా సగానికి పైగా తగ్గింది. కొన్ని నెలలకే స్పామర్లు వేరే చోట్ల గుడారాలు వేసుకొని తిరిగి విజృంభించారు.

7. సమగ్ర రక్షణ

1987-88 దెబ్బ తరువాత కాలక్రమంలో పత్తిరైతు ఒకే మందును నమ్ముకోవడంలోని ప్రమాదాన్ని గ్రహించాడు. చేనిగట్ల వెంట బంతి, ఆముదం వంటి ఎర పంటలు వేయడం, లింగాకర్షక బుట్టలు కట్టడం, మందులను మార్చి మార్చి, అవసరమైనంతే చల్లడం వంటి పద్ధతులను కలిపి సమగ్ర సస్యరక్షణ అన్నారు. ఈ పద్ధతి ధ్యేయం పురుగును సమూలంగా నాశనం చేయడం కాదు. నష్టం హద్దు దాటకుండా చూడడం.

ఈమెయిలు రంగంలోనూ అవే పద్ధతులు కనబడుతాయి. ఎవరికీ ఇవ్వని చిరునామాలను ఎరగా ఉంచుతారు. వాటికి వచ్చే ఉత్తరమేదైనా అనాహూతమే గనుక, పంపిన యంత్రాన్ని గుర్తించడం సులభం. ఫిల్టర్లు, ముద్రలు, చట్టాలు, బాట్‌నెట్‌లపై దాడులు అన్నీ కలిస్తేనే రక్షణ. ఏ ఒక్కటీ ఒంటరిగా చాలదు.

చివరి కంచె మనిషి వివేకమే. ప్రేషకుని పేరునే గాక పూర్తి చిరునామాను అక్షరమక్షరం చదవాలి. తొందరపెట్టే ఉత్తరాన్ని, భయపెట్టే ఉత్తరాన్ని, ఆశపెట్టే ఉత్తరాన్ని మరింత శంకించాలి. ఉద్యోగం ఇస్తామంటూ ముందుగా డబ్బు అడిగినవారిని నమ్మరాదు. ఓ.టి.పి.ని, రహస్య సంకేతాన్ని ఎవరికీ తెలుపరాదు. ఖాతా మారిందన్న కబురు వస్తే, ఆ ఉత్తరంలోని నంబరుకు గాక, ముందునుండి తెలిసిన నంబరుకు ఫోనుచేసి విచారించాలి. మోసపోయినట్లు గ్రహించిన మరుక్షణం 1930 నంబరుకు తెలియజేయాలి. సొమ్ము చేతులు మారేలోపల తెలిస్తే దానిని నిలిపివేసే అవకాశం ఉంటుంది. సిగ్గుపడి దాచుకోవడం మోసగానికి మేలుచేయడమే.

కలుపు లేని చేను లేదు. అయినా ఏ రైతూ సేద్యం మానలేదు. ఉదయాన్నే చేనికి వెళ్లి, ఆకు తిప్పి చూసి, పురుగు గుడ్డు కనబడితే అప్పుడే జాగ్రత్తపడేవాడు పంటను ఇంటికి తెచ్చుకొంటాడు. ఉత్తరాన్ని తెరిచే ముందు క్షణకాలం ఆగి చూసేవాడూ అంతే.

కఠినపదాలు - అర్థాలు

అనాహూత = పిలవని, ఆహ్వానింపబడని
ప్రేషకుడు = పంపినవాడు
గ్రహీత = పుచ్చుకొనేవాడు
అగత్యం = అవసరం
అంగుళీయకం = ఉంగరం
కాషాయం = సన్న్యాసులు ధరించే వస్త్రం
కపటం = మోసం
సంభావ్యత = జరగడానికి గల అవకాశం
అవరోధం = అడ్డంకి
టిక్కీ = మిరపకాయలు నింపిన బస్తా

అభ్యాసం

I. క్రింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు రాయండి.
1. అనాహూత లేఖలను పూర్తిగా అరికట్టలేకపోవడానికి గల కారణాలను పాఠం ఆధారంగా వివరించండి.
2. పత్తిచేనిలోని పురుగుకూ, స్పామర్ల ఎత్తుగడలకూ గల పోలికను విశ్లేషించండి.

II. క్రింది ప్రశ్నలకు సంగ్రహ సమాధానాలు రాయండి.
1. ఈమెయిలు నియమావళిలోని లోపాన్ని తపాలా ఉదాహరణతో తెలపండి.
2. కోటి ఉత్తరాలకు ఒక్క కొనుగోలుదారుడు దొరికినా స్పామరుకు ఎందుకు గిట్టుబాటవుతుంది?
3. సీత హనుమంతుని వెంటనే ఎందుకు నమ్మలేదు? ఆ ఘట్టం ఈ పాఠానికి ఎలా అన్వయిస్తుంది?
4. 66-ఎ సెక్షనును సుప్రీంకోర్టు ఎందుకు కొట్టివేసింది?

III. ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. తొలి అనాహూత ఈమెయిలు ఏ తేదీన పంపబడింది?
2. బాట్‌నెట్ అనగానేమి?
3. వరిచేలో వరిని పోలి పెరిగే కలుపు ఏది?
4. మోసపోయినవారు వెంటనే ఏ నంబరుకు తెలియజేయాలి?

IV. సంధులు
1. దేశాంతరం = దేశ + అంతరం - సవర్ణదీర్ఘ సంధి
2. అత్యల్పం = అతి + అల్పం - యణాదేశ సంధి
3. పంపినవాడెవడో = పంపినవాడు + ఎవడో - ఉత్వ సంధి

V. సమాసాలు
1. అనాహూత = ఆహూతము కానిది - నఞ్ తత్పురుష సమాసం
2. రామదూత = రాముని యొక్క దూత - షష్ఠీ తత్పురుష సమాసం
3. నల్లరేగడి = నల్లనైన రేగడి - విశేషణ పూర్వపద కర్మధారయ సమాసం

VI. ప్రాజెక్టు పని
మీ ఇంటివారికి, ఇరుగుపొరుగువారికి ఒక మాసంలో వచ్చిన అనాహూత సందేశాలను సేకరించి, అవి ఆశపెట్టేవా, భయపెట్టేవా, తొందరపెట్టేవా అని వర్గీకరించి, తరగతిలో నివేదిక సమర్పించండి.